ఏ చేత్తో కుడతారు?

మస్కట్‌లో నేను డయాలసిస్ నర్సుని. కిడ్నీలు పనిచెయ్యడం మానేసినవాళ్ళు వారానికి మూడుసార్లు మా దగ్గరికి వస్తారు. ఒక్కొక్కరు నాలుగు గంటలు కుర్చీలో వెనక్కి వాలి ఉంటే, మెషీన్ వాళ్ళ రక్తాన్ని బయటికి తీసి, కడిగి, మళ్ళీ ఒంట్లోకి పంపిస్తుంది. రక్తం బయటికి రావడానికి ఒకటి, లోపలికి పోవడానికి ఒకటి, చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చాలి. గుచ్చేది నేను. ఎడంచేత్తో గుచ్చుతాను. గొప్పలు పోతోందని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి, పదకొండేళ్ళ నుంచి చేస్తున్న పని కాబట్టి చెబుతున్నాను. మా యూనిట్‌లో నా అంత నొప్పి తెలియకుండా సూది వేసేవాళ్ళు లేరు.

ఈ ఎడంచేతిని మాన్పించడానికి మా ఇంట్లో చెయ్యని ప్రయత్నం లేదు. మాది నర్సాపురం దగ్గర ఊరు. మా అమ్మ లేసు అల్లేది. మా వీధిలో ఏ అరుగు చూసినా ఇద్దరో ముగ్గురో ఆడవాళ్ళు తెల్లదారం ఉండ ఒళ్ళో పెట్టుకుని, కొస వంగిన చిన్న సూదితో పువ్వులు అల్లుతూ ఉండేవారు. నేను ఎడంచెయ్యి కంచంలో పెడితే చాలు, అమ్మ ఆ చేతిమీద ఒక్కటి వేసేది.

"ఒసే, ఆ పుర్రచెయ్యి తియ్యవే! రేపు పెళ్ళిలో బంతిలో కూర్చుంటే జనం నన్నంటారు, నిన్ను కాదు."

ఒక వేసవిలో పాతచీర అంచు చింపి, భోజనం వేళకి నా ఎడంచేతిని నడుముకి కట్టేసేది. బడిలో బలపం ఎడంచేతిలోకి మారిందంటే మాస్టారు స్కేలు నిలువుగా పట్టుకుని వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు. ఏడాది తిరిగేసరికి నా రాత కుడిచేతికి వచ్చేసింది. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని ఇప్పటికీ అంటారు. ఆ ముత్యాలు ఎలా వచ్చాయో నా కణుపులకి తెలుసు.

అన్నమూ రాతా వాళ్ళు తీసేసుకున్నారు. మిగతావి నేను ఇవ్వలేదు. జడ అల్లుకోవడం, చీపురు పట్టడం, బావిలో చేద వెయ్యడం, అన్నీ ఎడంచేత్తోనే. లేసు కూడా. అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పబోయింది. ఆవిడ తన వాటాన అల్లుకుంటూ పోతుంటే నా చేతిలో అదే పువ్వు చిక్కుపడి ముద్దయ్యేది. "నీకు రాదులేవే," అని దారం లాగేసుకుంది. మర్నాడు నేను పక్కన కూర్చోలేదు. ఎదురుగా కూర్చున్నాను. అద్దంలో చూసుకున్నట్టయింది. ఆవిడ కుడిచెయ్యి ఎటు పోతే నా ఎడంచెయ్యి అటు పోయింది. సాయంత్రానికి ఆరు రేకుల పువ్వొకటి తీసుకెళ్ళి అమ్మ ఒళ్ళో పెట్టాను. అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"దీని మెలిక అటు తిరిగిందేంటే?"

"తిరిగితే ఏం? పువ్వే కదా."

ఎదురు మాట్లాడినందుకు వీపు మీద ఒకటి పడింది గానీ, ఆ పువ్వుని మాత్రం అమ్మ విప్పలేదు.

ఒమాన్‌కి వచ్చిన మొదటి వారంలోనే మా సిస్టర్ ఇన్‌చార్జ్ నన్ను పక్కకి పిలిచింది. ఆవిడ మలయాళీ. ఇక్కడ ఇరవై ఏళ్ళకి పైబడి పనిచేస్తోంది. యూనిట్‌లో ఏ చిన్న పొరపాటూ జరగనివ్వని మనిషి.

"ఇక్కడ ఎడంచేత్తో ఎవరికీ ఏదీ ఇవ్వకు. మందు గానీ, నీళ్ళు గానీ, కాగితం గానీ. సమఝ్ గయీ?"

"సరే సిస్టర్. మరి సూది?"

"సూది కూడా కుడిచేత్తోనే అలవాటు చేసుకో. చూసేవాళ్ళకి బాగుంటుంది."

నేను అలవాటు చేసుకోలేదు. ఇవ్వడం, పుచ్చుకోవడం మర్యాదకి సంబంధించిన సంగతి. మన ఊళ్ళల్లోనూ అంతే, ఒమానీలు నాకు కొత్తగా నేర్పిందేమీ లేదు. అందుకని మందుబిళ్ళలు కుడిచేత్తోనే ఇస్తాను. కార్డు కుడిచేత్తోనే పుచ్చుకుంటాను. సూది మర్యాద కాదు, పని. పని దగ్గరికి వచ్చేసరికి ఏ చెయ్యి వణకదో ఆ చెయ్యే వాడాలి.

ఒక ఒమానీ పెద్దాయన మొదటిరోజు నా ఎడంచేతిలో సూది చూసి తన చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. "యమీన్, యమీన్," అన్నాడు, కుడిచేత్తో వెయ్యమని. నాకొచ్చిన నాలుగు అరబిక్ ముక్కలూ కూడబలుక్కున్నాను.

"బాబా, యమీన్‌తో అయితే రెండుసార్లు గుచ్చాలి. యసార్‌తో అయితే ఒక్కసారే. మీ ఇష్టం."

ఆయన నా మొహం వంకా సూది వంకా మార్చి మార్చి చూశాడు. "ఒక్కసారే," అని చెయ్యి చాపాడు. ఆ తర్వాత నేను సెలవులో ఉన్న రోజున "యసార్ సిస్టర్ ఏది?" అని అడిగేవాడట. యసార్ అంటే ఎడమ. కొన్నాళ్ళకి యూనిట్ అంతటికీ నా పేరు అదే అయిపోయింది. ఇన్‌చార్జ్‌కి ఆ పేరు నచ్చలేదు. నాకు నచ్చింది.

ఖాలా మా యూనిట్‌కి వచ్చి రెండేళ్ళవుతోంది. ఖాలా అంటే పిన్ని. వయసు మళ్ళిన ఒమానీ ఆడవాళ్ళని మేమంతా అలాగే పిలుస్తాం. అరవైకి దగ్గర పడ్డ మనిషి, సన్నగా, ఎప్పుడూ నల్లటి శాలువా కప్పుకుని ఉండేది. ఇల్లు సీబ్‌లో. ఆవిడ కొడుకు ఖురంలో ఒక ఆఫీసులో పనిచేస్తాడు. ఆదివారం, మంగళవారం, గురువారం, పొద్దున్నే తల్లిని మా దగ్గర దింపి డ్యూటీకి పోయేవాడు.

వచ్చిన కొత్తలో ఆవిడ చేతికి ఇంకా ఆపరేషన్ కాలేదు. డయాలసిస్ సూదులకి మామూలు రక్తనాళం ఆగదు. అందుకని చేతిలో రెండు నాళాల్ని కలిపి కుట్టి, పైనున్న నాళం కొన్ని వారాల్లో లావెక్కేలా చేస్తారు. దాన్ని ఫిస్టులా అంటారు. అది సిద్ధమయ్యేదాకా మెడలో ఒక గొట్టం పెట్టి, దానికే మెషీన్ తగిలిస్తాం. ఖాలాకి మెడలో గొట్టం ఉంది కాబట్టి రెండు చేతులూ ఖాళీగా ఉండేవి.

ఖాళీగా ఎక్కడ, ఆ చేతుల్లో ఎప్పుడూ కుట్టుపని ఉండేది. ఒమాన్‌లో మగవాళ్ళు పెట్టుకునే గుండ్రటి టోపీని కుమ్మా అంటారు. తెల్లటి గుడ్డమీద పూలూ తీగలూ కుట్టి, మధ్యమధ్య ఆవగింజంత రంధ్రాలు పొడిచి, ఒక్కొక్క రంధ్రం అంచునీ దారంతో చుట్టాలి. చేత్తో కుట్టిన కుమ్మా ఒకటి పూర్తి కావాలంటే నెలలు పడుతుంది. లేసు చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి నేను ఆ గుడ్డ వంక చూడకుండా ఉండలేకపోయేదాన్ని. కానీ ఆవిడ శాలువా కిందే చేతులు పెట్టుకుని కుట్టేది. ఎవరైనా దగ్గరికి వస్తే ఆపేసేది.

మూడోవారం, ఒక గురువారం, బీపీ చూడడానికి వెళ్ళాను. ఆవిడ కుట్టులో మునిగిపోయి నన్ను గమనించలేదు. శాలువా మోచేతి దాకా జారి ఉంది. సూది ఎడంచేతిలో ఉంది.

నన్ను చూడగానే చటుక్కున సూది కుడిచేతికి మార్చేసింది. దొంగతనం చేస్తూ దొరికిపోయిన పిల్లలా నవ్వింది. ఆ మార్చడం నాకు బాగా తెలుసు. మాస్టారి చెప్పుల చప్పుడు వినబడగానే నేనూ బలపాన్ని అలాగే మార్చేదాన్ని.

"ఖాలా, మీరు ఏ చేత్తో కుడతారు?"

నేను నా ఎడంచెయ్యి ఎత్తి చూపించాను. "యసార్. నాదీ ఇదే."

ఆవిడ మొహం విప్పారింది. అటూ ఇటూ చూసి, సూదిని మళ్ళీ ఎడంచేతిలోకి తీసుకుంది. అరబిక్‌లో కొంత, నాకోసం వచ్చీరాని హిందీలో కొంత కలిపి చెప్పుకొచ్చింది. కుట్టు తల్లి దగ్గరే నేర్చుకుందట. పక్కన కూర్చుంటే రాక, తల్లికి ఎదురుగా కూర్చుని నేర్చుకుందట. సముద్రానికి అటు ఒక అరుగుమీద, ఇటు ఒక గదిలో, ఇద్దరు ఆడపిల్లలు ఒకరికొకరు తెలియకుండా ఒకే ఉపాయం కనిపెట్టారు.

అప్పుడు చూశాను. ఆవిడ ఎడంచేతి మణికట్టు పైన నల్లటి సిరాతో ఒక గీత ఉంది.

"ఇదేంటి ఖాలా?"

"డాక్టర్ గీశాడు. పొద్దున్న స్కాన్ చేశారు. సోమవారం ఆపరేషన్."

ఫిస్టులా వీలైనంతవరకు వాటం లేని చేతికే పెడతారు. పనిచేసే చెయ్యి మిగలాలని. ఖాలా ఫైలు తెరిచి చూశాను. ఫారంలో 'రాసే చెయ్యి' అని ఒక గడి ఉంటుంది. అందులో 'కుడి' అని టిక్కు పెట్టి ఉంది. అందుకే ఎడంచేతికి గీత పడింది.

"మీరు రాసేది కుడిచేత్తోనా?"

"అవును బింతీ. పెద్దయ్యాక ఆడవాళ్ళ క్లాసులో నేర్చుకున్నా. టీచరమ్మ కలం ఈ చేతిలో పెట్టింది. ఇచ్చింది పుచ్చుకున్నా." బింతీ అంటే అమ్మాయీ అని.

ఫారం అబద్ధం చెప్పలేదు. ఖాలా అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్నే తప్పు. ఆ ప్రశ్న నన్నడిగినా నేనూ కుడి అనే చెబుతాను.

ఆపరేషన్ తర్వాత సంగతి ఆవిడకి ఎవరూ విడమరిచి చెప్పినట్టు లేదు. నేను చెప్పాను. ఫిస్టులా ఉన్న చేతికే సూదులు వేస్తాం. సూదులున్నంతసేపూ ఆ చెయ్యి కదపకూడదు. ఆ చేత్తో బరువులెత్తకూడదు. కొంతమందికి వేళ్ళు చల్లబడి, పట్టు తగ్గుతుంది.

"నాలుగు గంటలూ ఈ చెయ్యి కదపకూడదా?"

"కదపకూడదు."

"ఎన్నాళ్ళు?"

కిడ్నీ మార్చేదాకా, లేదా బతికున్నన్నాళ్ళూ. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. కుమ్మాని నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టేసింది. ఆ రోజు మళ్ళీ బయటికి తియ్యలేదు.

నేను ఫైలు పట్టుకుని ఇన్‌చార్జ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే విన్నది.

"ఫారం నహీ దేఖా క్యా? కుడి అని ఉంది. కింద సంతకం ఉంది."

"రాసేది కుడిచేత్తో సిస్టర్. పని అంతా ఎడంచేత్తో."

"స్కాన్ అయిపోయింది, డేట్ ఇచ్చేశారు. సర్జన్‌కి నువ్వు చెబుతావా ఏ చెయ్యి కొయ్యాలో? నీకు ఎడంచెయ్యి పిచ్చి. ఎక్కడ చూసినా నీకదే కనిపిస్తుంది."

"అవును సిస్టర్. మిగతావాళ్ళకి కనిపించదు, అందుకే నాకు కనిపిస్తుంది."

ఆవిడ అప్పుడు తల తిప్పింది. "వెళ్ళి పని చూసుకో," అంది.

మేముండేది హమ్రియాలో, మూడో అంతస్తులో, రెండు గదుల ఇంట్లో. మా ఆయన ఒక కంపెనీలో స్టోర్ చూస్తారు. సాయంత్రం అన్నం దగ్గర ఈ సంగతంతా చెప్పాను. కానాగంత చేపల పులుసు చేశాను ఆ రోజు. ఆయన ముల్లు తీసుకుంటూ విన్నారు.

"నీకెందుకే ఈ గోల? కోసేది డాక్టరు, కోయించుకునేది ఆవిడ. మొన్ననే కదా వీసా రెన్యువల్ అయింది. తిన్నగా డ్యూటీ చేసుకుని రాక!"

"ఏమండీ, ఒక్క పని చెయ్యండి. ఆ చేప ముల్లు ఎడంచేత్తో తియ్యండి."

"ఎడంచేత్తోనా? అన్నం దగ్గరా?"

"తినొద్దు. ముల్లు తియ్యండి చాలు. కుడిచెయ్యి వెనక్కి పెట్టుకోండి."

నా మొహంలో ఏం కనిపించిందో గానీ, ఆయన నిజంగానే కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని మొదలుపెట్టారు. కానాగంతలో ముళ్ళు తక్కువేం కాదు. ఒక వేపు చీల్చేసరికి ముక్క చితికిపోయింది. ముల్లు విరిగి కండలోనే ఉండిపోయింది. రెండోసారి కంచం కదిలి పులుసు బల్లమీద పడింది. ఆయన ఆ చితికిన ముక్కని కంచం అంచుకి నెట్టేశారు.

"ఆవిడకి రోజూ ఇలాగేనా?"

"వారానికి మూడు రోజులు. బతికున్నన్నాళ్ళూ."

ఆయన లేచి చెయ్యి కడుక్కుని వచ్చారు. "అయితే వెళ్ళి చెప్పు. ఏమన్నా అంటే అననీ," అన్నారు.

శుక్ర, శనివారాలు సెలవు. ఆ రెండు రోజులూ సర్జన్‌తో ఏం మాట్లాడాలో ఇంగ్లీషులో వల్లె వేసుకుంటూనే ఉన్నాను. ఆదివారం పొద్దున్న ఖాలాకి మెషీన్ పెట్టేసి, నా బ్రేక్ టైములో సర్జన్ గదికి వెళ్ళాను. ఆయన సూడాన్ మనిషి, పొడుగ్గా, తక్కువ మాట్లాడేవాడు. వల్లె వేసుకున్నదంతా మర్చిపోయాను. "డాక్టర్, రేపు మీరు కుట్టుపని చేసే ఆవిడకి కుట్టే చెయ్యి తీసేస్తున్నారు," అని మొదలుపెట్టాను.

ఆయన కళ్ళజోడు తీశాడు. "ఫారంలో కుడి అని ఉందే."

"ఫారం రాసే చెయ్యి అడిగింది. కుట్టే చెయ్యి అడగలేదు."

"ఎడంచేతి వెయిన్ బాగుంది. కుడిచేతిది సన్నంగా ఉండొచ్చు."

"ఉండొచ్చు అంటున్నారు. చూశారా?"

ఒక సర్జన్‌తో అలా మాట్లాడడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆయనకి కోపం వచ్చినట్టు కనిపించలేదు. "చూడలేదు. చూద్దాం పద," అని లేచాడు.

ఖాలాకి డయాలసిస్ అయ్యేసరికి కొడుకు కూడా వచ్చాడు. సర్జన్ కుడిచేతికి స్కాన్ చేశాడు. నాళం సన్నంగానే ఉంది కానీ పనికి రాకపోదు. కుడిచేతికి పెడితే సిద్ధం కావడానికి ఎక్కువ కాలం పట్టొచ్చని, అసలు ఫలించకపోయినా ఫలించకపోవచ్చని, అప్పుడు మళ్ళీ కొయ్యాల్సి వస్తుందని దాపరికం లేకుండా చెప్పాడు.

కొడుకు తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. మంచివాడే, తల్లి అంటే ప్రాణం. "డాక్టర్, ఏది సురక్షితమో అదే చెయ్యండి. అమ్మ కుట్టింది చాలు. ఇక విశ్రాంతి తీసుకోవాలి," అన్నాడు.

ఖాలా అంతవరకు నేలచూపులు చూస్తోంది. అప్పుడు తలెత్తింది.

"చెయ్యి కట్టేస్తామంటున్నారు సరే. నోరు కూడా కట్టేశారా? నన్నడగరేం?"

కొడుకు చెయ్యి తీసేశాడు.

"రొట్టె కుడిచేత్తో తింటాను. సలాం కుడిచేత్తో చేస్తాను. ఎవరికీ ఏ లోటూ చెయ్యలేదు. కుట్టు మాత్రం ఈ చేతిది. ఇదీ అల్లా ఇచ్చిందే. నీ పెళ్ళికి పెట్టుకున్న కుమ్మా ఏ చేత్తో కుట్టాననుకున్నావ్?"

ఆ సంగతి అతనికి నిజంగా తెలియదు. తల్లి ఎడంచేత్తో కుడుతుందని ముప్పై ఏళ్ళ కొడుకు ఆ రోజు మొదటిసారి విన్నాడు. అంత జాగ్రత్తగా దాచుకుందన్నమాట. అతను తల్లి ఎడంచేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఎక్కువ రోజులు పట్టినా ఆగుతాను," అంది ఖాలా డాక్టర్‌తో. సర్జన్ దూదితో ఎడంచేతి గీత తుడిచేశాడు. కుడిచేతి మీద కొత్త గీత గీశాడు.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే నాకు చాలా హాయిగా ఉండేది. అవలేదు.

కుడిచేతి ఫిస్టులా చెప్పినట్టే మొరాయించింది. ఆరు వారాలన్నది మూడు నెలలు దాటింది. మెడలో గొట్టం అన్నాళ్ళు ఉండకూడదు. నాలుగో నెలలో దానికి ఇన్ఫెక్షన్ వచ్చింది. ఒక మంగళవారం ఖాలా చలితో గజగజ వణుకుతూ వచ్చింది. జ్వరం ముట్టుకుంటే కాలిపోతోంది. వెంటనే వార్డులో చేర్చుకున్నారు. ఇన్‌చార్జ్ నా పక్కనుంచి పోతూ ఒక్క మాట అంది.

"ఎడంచేతికి పెట్టి ఉంటే ఈపాటికి గొట్టం తీసేసేవాళ్ళం. చూశావా?"

ఆవిడ అన్నది నిజమే కావచ్చు. అందుకే అంత గట్టిగా తగిలింది. ఆ నాలుగు రోజులూ నాకు తిండి సయించలేదు. నా పట్టుదల కోసం ఒక ముసలామె ప్రాణంతో ఆడుకున్నానా అని నన్ను నేనే నిలదీసుకున్నాను. శుక్రవారం రూవిలో చర్చికి వెళ్తే, ఆరాధనలో అందరూ పాడుతుంటే నేను నోరు మెదపలేకపోయాను. మధ్యలోనే లేచి, అటునుంచి అటే వార్డుకి వెళ్ళాను. ఖాలాకి అప్పుడే జ్వరం దిగుతోంది. మంచం పక్కన నిలబడి, "నన్ను క్షమించండి ఖాలా, నేను ఊరుకుని ఉండాల్సింది," అన్నాను.

ఆవిడ నా వంక కోపంగా చూసింది. జ్వరంలో కూడా ఆ కోపం కోపమే.

"నువ్వేం చేశావ్? అడిగావు. సరేనన్నది నేను. నా మాట నాది. దాన్ని నువ్వెందుకు తీసుకుంటావు?"

నేను కళ్ళు తుడుచుకున్నాను. "నీళ్ళు ఇవ్వు," అంది. కుడిచేత్తో ఇచ్చాను. కుడిచేత్తో పుచ్చుకుని తాగింది.

మరో మూడు వారాలకి ఒక పొద్దున్న ఆవిడ కుడిచేతి మీద వేళ్ళు పెట్టాను. చర్మం కింద రక్తం గుర్రుమంటోంది. పిల్లిని నిమిరితే గొంతులో వచ్చే గురకలాగా. అలా తెలిసిందంటే ఫిస్టులా సిద్ధమైనట్టే. సర్జన్ వచ్చి స్టెతస్కోప్ పెట్టి విన్నాడు. తల ఊపాడు. నా వంక చూసి మళ్ళీ తల ఊపాడు.

మా యూనిట్‌లో కుర్చీలన్నీ ఒకే వరసలో ఉంటాయి, మెషీన్లన్నీ మనిషికి ఎడంపక్కనే. ఎక్కువమందికి ఫిస్టులా ఎడంచేతికే కదా. అడపాదడపా ఎవరికైనా కుడిచేతికి ఉంటే గొట్టాలు ఒంటి మీదుగా తిప్పి ఎలాగో సర్దేవాళ్ళం. ఖాలాకి అలా చెయ్యనన్నాను. ఒడిలోంచి గొట్టాలు పోతుంటే ఆవిడ కుట్టేదెలా? టెక్నీషియన్ కాసేపు సణిగాడు. నీళ్ళ పైపు అందదన్నాడు, ప్లగ్ దూరమన్నాడు. చివరికి మెషీన్ ఆవిడ కుడిపక్కకి వచ్చేలా కుర్చీనే తిప్పేశాం. వరసంతా కిటికీ వైపు చూస్తుంటే, ఖాలా కుర్చీ ఒక్కటీ తలుపు వైపు చూసింది.

ఆ రోజు మొదటి సూది నేనే వేశాను. కుడిచేతికి వెయ్యడం మిగతా నర్సులకి కష్టం, నడుం వంచి మెలితిరగాలి. నా చెయ్యి తిన్నగా వెళ్ళింది. ఖాలా కళ్ళు మూసుకుని ఉంది.

"వేశావా?"

"రెండోది కూడా అయిపోయింది."

"అల్ హమ్దులిల్లా," అని కళ్ళు తెరిచింది. సూదులున్న చేతిని కదపకుండా, ఎడంచేత్తో సంచిలోంచి ఒక చిన్న దిండు తీసింది. గుడ్డని దానికి పిన్నులతో బిగించి ఇంట్లోనే సిద్ధం చేసుకుని వచ్చింది. రెండు చేతులతో కుట్టినంత చురుగ్గా సాగలేదు. ఒక్కో రంధ్రం చుట్టడానికి ముందుకంటే రెట్టింపు సేపు పట్టింది. అయినా కుట్టింది. శాలువా భుజం మీదికి వేసేసుకుని, అందరూ చూస్తుండగా కుట్టింది. పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన "ఎడంచేత్తోనా?" అని ఆశ్చర్యపోతే, తలెత్తకుండానే "నీ కళ్ళు బాగానే పనిచేస్తున్నాయి," అంది.

ఇది జరిగి ఏడాదిన్నర. ఆ కుర్చీ ఇప్పటికీ తలుపు వైపే ఉంది. తనిఖీకి వచ్చినవాళ్ళు ఎందుకని అడిగితే ఇన్‌చార్జ్ నా వైపు వేలు చూపిస్తుంది. నేను లేచి వెళ్ళి చెబుతాను.

ఇక ఆ ఫారం. దాన్ని మార్చమని రెండుసార్లు రాసి ఇచ్చాను. అచ్చయిన ఫారం, పైనుంచి రావాలి అన్నారు. పైనుంచి ఏమీ రాలేదు. అందుకని కొత్త పేషెంటు ఎవరు వచ్చినా 'రాసే చెయ్యి' గడి కింద నేనే ఒక గీత గీసి, ఇంకో ప్రశ్న రాస్తాను. పని ఏ చేత్తో చేస్తారు? కత్తి ఏ చేత్తో పడతారు, తాళం ఏ చేత్తో తీస్తారు, రాయి విసరాలంటే ఏ చెయ్యి లేస్తుంది, అన్నీ అడుగుతాను. కొంతమంది నవ్వుతారు. కొంతమంది ఒక్క క్షణం ఆగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి జవాబు చెబుతారు. బర్కాలో హోటల్లో వంట చేసే ఒకాయన అలాగే చెప్పాడు. ఆయన ఫిస్టులా కూడా కుడిచేతికే పెట్టారు.

మొన్న ఇన్‌చార్జ్ ఒక ఫైలు నా ముందు పడేసింది.

"అచ్చయిన ఫారం మీద ఇలా పెన్నుతో గీతలు గియ్యకూడదని ఎన్నిసార్లు చెప్పాలి? అంతగా రాయాలనుంటే పెన్సిల్‌తో రాసుకో."

"పెన్సిల్ అయితే చెరిపేస్తారు సిస్టర్," అన్నాను.

ఆవిడ ఫైలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. నేను పెన్నుతోనే రాస్తున్నాను.